కొండకర్ల ఆవలో ఒక ఉదయము

2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో, అచ్యుతాపురము సమీపమున కొండకర్ల ఆవ యున్నది. మన రాష్ట్రపు మంచినీటి సరస్సులలో కొల్లేటి తరువాత దీనినే పెద్దదిగా చెప్పుదురు. ఒక ప్రక్క కొండలు, వేరొక ప్రక్క పొలములు. నడుమ తామరలు, కలువలు, తుంగ.

నేను ఉపాధ్యాయుడనుగా నున్న కాలమున, ఒక పుష్యమాసమందు, రోలుగుంట నుండి కొందఱు విద్యార్థులను వెంటబెట్టుకొని చోడవరము, అనకాపల్లి మీదుగా అచటికి బోయితిని. రాత్రి సమీప గ్రామమున బసచేసి, తెల్లవారుసరికి గట్టు చేరితిమి.

అచటి దోనెలు చూడదగినవి. తాటిమ్రానులను తొలిచి, రెండేసి జతగా కట్టి నీటిలో విడుతురు. అందు కదలక కూర్చుండవలెను. అల్లరి పిల్లలకిది మంచి శిక్షణయని నాకు తోచినది.

మొదట నత్తగుల్ల కొంగ కనబడెను. ముక్కు మూసినను దాని నడుమ సందు మిగిలియుండును. నత్తలను పట్టి తినుటకు అట్టి ముక్కే యనుకూలము. మఱికొంత దూరమున జకానా యను పక్షి తామరాకులపై నడచుచుండెను. దాని కాలివ్రేళ్లు మిక్కిలి పొడుగు. బరువు ఆకంతట పరచుకొనుటచే ఆకు మునుగదు. వానకాలమున అది నీటిపై తేలు ఆకులమీదనే గ్రుడ్లు పెట్టును. పొడుగుతోక జకానాలలో ఆడుది గ్రుడ్లిడి వెడలిపోవును. మగదియే పొదిగి పిల్లలను సాకును. ఈ మాట విని పిల్లలు నవ్విరి.

నడినీట సూదితోక బాతులు గుంపుగా నుండెను. సైబీరియా మొదలగు ఉత్తరదేశముల నుండి శీతకాలమున వచ్చు పక్షులవి. ముక్కులు రెక్కలలో దాచి, కదలక తేలుచుండెను. వెనుక దోనెలోని పిల్లలకు సరిగా కనబడలేదు. ఎగిరిన చూతురుగదా యని నేను చప్పట్లు కొట్టితిని. గుంపంతయు ఒక్కపెట్టున లేచెను. పిల్లలు కేరింతలు కొట్టిరి.

దోనె నడుపు వృద్ధుడు గడ ఆపి, “రాత్రంతా మేసొచ్చి పడుకున్నాయి మాస్టారూ, లేపేశారు” అనెను.

అతని కంఠమున కోపము లేదు. అందుచే నాకు మఱింత సిగ్గు కలిగెను. ఆ జాతి బాతులు తఱచు రాత్రివేళ మేసి పగలు విశ్రమించునని నేను చదివినవాడనే. వేల మైళ్ల తిరుగు ప్రయాణమునకు వాని దేహమున కొవ్వు నిలువ యుండవలెను. తిండివలన చేరిన ఆ నిలువ, బెదరి యెగిరినప్పుడెల్ల తఱుగును. పదేపదే బెదిరించినచో అవి ఆ నీటినే విడిచిపోవును.

గుంపు రెండు చుట్లు తిరిగి దూరపు తుంగ వెనుక దిగెను. అచటికి పోదమా యని యొక బాలుడడిగెను. వలదంటిని. దోనెలు నిలిపి, మాటలు మాని అరగంట కూర్చుంటిమి. అంతలో నీటికాకి యొకటి మా చెంతనే మునిగి, నోట చేపతో తేలెను. ఇందాక అందఱికంటె బిగ్గరగా కేకలు వేసిన బాలుడే దానిని ముందు చూచెను. నోరు మెదపక, నా చేయి తట్టి, వ్రేలితో చూపెను.