రాతిధూళి - శ్వాసకోశ వ్యాధి

గృహనిర్మాణ సమయంలో గ్రానైటు బండలను యంత్రంతో కోసేటప్పుడు తెల్లని ధూళి ఇల్లంతా కమ్ముకొనుట మనమెరిగినదే. ఇంటివారికి అది నాలుగు రోజుల ఇబ్బంది. నిత్యం అదే పని చేసే కార్మికునికి ఆయుష్షును హరించే సిలికోసిస్ వ్యాధికి మూలం.

వ్యాధి కలుగు విధము: గ్రానైటు, ఇసుకరాయి, పలకరాయి మొదలైన వాటిలో సిలికా అనే ఖనిజముంటుంది. ధూళిలోని పెద్ద రేణువులు ముక్కులోను, గొంతులోను చిక్కుకొని కఫంతో వెలుపలికి పోతాయి. కంటికి కనిపించనంత సూక్ష్మరేణువులు మాత్రం ఊపిరితిత్తుల చివరనున్న గాలితిత్తులను చేరుతాయి. వాటిని మింగిన రక్షకకణాలు నశిస్తాయి. ఆ చోట వాపు కలిగి, మెత్తని కణజాలం క్రమంగా గట్టిపడుతుంది.

మన పిల్లలు పలకలపై వ్రాసిన బలపాలకు మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ ప్రసిద్ధి. అక్కడి బలపాల కార్మికులపై 1985లో వెలువడిన పరిశోధనలో, పరీక్షించిన వారిలో సగానికి పైగా ఈ వ్యాధి కనిపించింది.

లక్షణములు: తొలుత ఏ బాధా ఉండకపోవచ్చును. తరువాత పొడిదగ్గు, మెట్లెక్కినప్పుడు ఆయాసం, నీరసం కలుగుతాయి. దీనిని క్షయ అని పొరబడుటయు కలదు. ఈ రోగులకు క్షయ సోకే అవకాశమూ ఎక్కువే. కనుక ఎక్స్‌రే, కళ్లె పరీక్ష చేయించుకొనవలెను. చేసిన వృత్తిని వైద్యునికి తప్పక చెప్పవలెను.

గృహవైద్యము: అడ్డసరపు ఆకురసం తేనెతో, తులసి మిరియాల కషాయం సాధారణమైన దగ్గుకు మన ఇళ్లలో వాడుతున్నవే. అవి ఊపిరితిత్తులలో చేరిన రాతిధూళిని తొలగించలేవు. బెల్లం తింటే దుమ్ము పోతుందన్న నమ్మకమూ సరికాదు. బెల్లం చేరేది జీర్ణకోశాన్ని, ధూళి ఉన్నది శ్వాసకోశంలో! గట్టిపడిన ఊపిరితిత్తిని మునుపటివలె చేయు ఔషధం ఆధునిక వైద్యంలోను లేదు. ఆయుర్వేదం చెప్పిన నిదాన పరివర్జనం, అనగా రోగకారణాన్ని విడనాడుటయే ఇక్కడ ప్రధాన చికిత్స.

నివారణ: రాయిని నీటితో తడుపుతూ కోయవలెను. ముఖానికి చుట్టుకొనే తువాలు సూక్ష్మరేణువులను ఆపలేదు. ముఖానికి బిగువుగా అమరే ఎన్-95 వంటి మాస్కు అవసరం. పొడిధూళిని ఊడ్వక తడిగుడ్డతో తుడవవలెను. పనిబట్టలను ఇంటికి తీసుకొనిపోరాదు. పొగత్రాగుట మానవలెను.

వంటగట్టుకై వాడే కృత్రిమ క్వార్ట్జ్ బండలలో సిలికా మరింత అధికం. ఈ కారణంగానే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుండి వాటిని నిషేధించింది.

ఇల్లు కట్టించుకొనేవారు మేస్త్రీతో కూలి మాట్లాడుకొనేటప్పుడే తడికోతను, మాస్కులను కూడా ఒప్పందంలో చేర్చుకొందురుగాక. మన గృహప్రవేశం మరొకరి ఊపిరికి ముప్పు కారాదు.