నియమము - సిద్ధాంతము

విద్యార్థులారా! “అది ఉత్త సిద్ధాంతమే గాని నియమము కాదు” అను మాట మీరు వినియుందురు. సిద్ధాంతమనగా సందేహాస్పదమైన ఊహ యనియు, అది ఋజువైన పిమ్మట నియమముగా మారుననియు పెక్కురు తలంతురు. ఈ తలంపు సరికాదు. ఏల సరికాదో మన ఆర్మూరు పసుపును బట్టియే తెలిసికొనవచ్చును.

చేనినుండి త్రవ్వి తెచ్చిన పచ్చి పసుపు కొమ్ములను రైతులు ఉడికించి ఎండబెట్టుదురు. ఐదు పాళ్ల పచ్చి పసుపునకు ఇంచుమించు ఒక పాలు మాత్రమే ఎండు పసుపు చేతికి వచ్చును. తక్కిన తూకము ఎచ్చటికి పోయెను? అది నశింపలేదు, కొమ్ములలోని నీరు ఆవిరియై గాలిలో కలిసెను. సందేహమున్నచో ఒక పచ్చి కొమ్మును ముక్కలుగా కోసి, గాజు సీసాలో వేసి, మూత గట్టిగా బిగించి తూచుడు. కొన్ని గంటలు ఎండలో నుంచి, చల్లారిన పిదప మరల తూచుడు. సీసా లోపల నీటి బొట్లు అంటియుండును. తూకము మాత్రము మారదు.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు లవోయిజరు అనేక రసాయన పరీక్షలు చేసి, మార్పునకు ముందును వెనుకను పదార్థముల మొత్తము తూకము సమానమని 1789లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. దీనిని ద్రవ్యనిత్యత్వ నియమమందురు. ఏమి జరుగునో, ఎంత జరుగునో నియమము చెప్పును. ఏల జరుగునో చెప్పదు.

ఆ ప్రశ్నకు సమాధానమును, బడిపంతులుగా పనిచేసిన జాన్ డాల్టను అను ఆంగ్లేయుడు 1808లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. పదార్థములన్నియు పరమాణువులతో నేర్పడినవి. రసాయనిక మార్పులలో అవి కూడుటయు విడిపోవుటయే గాని క్రొత్తగా పుట్టుటయు నశించుటయు లేదు. కావుననే తూకము మారదు. ఇదియే పరమాణు సిద్ధాంతము. తరువాతి శాస్త్రజ్ఞులు దీనిని కొంత సవరించిరి గాని విడువలేదు. రెండువందల యేండ్లు దాటినను ఇది నియమముగా మారలేదు, మారనక్కరయు లేదు. రెంటి పనులు వేఱు.

నియమమునకును హద్దులు కలవు. ద్రవ్యరాశియు శక్తియు ఒకదానికొకటి సంబంధించినవని 1905లో ఐన్‌స్టీను చూపిన పిమ్మట, పరమాణు కేంద్రకములలో జరుగు మార్పులకు లవోయిజరు నియమము యథాతథముగా వర్తింపదని తేలెను. కావున నియమము పెద్దది, సిద్ధాంతము చిన్నది అనుట తగదు.

ఇక ఊహ సంగతి. మలేరియా క్రిమికి దోమతో సంబంధముండునని 1894లో మ్యాన్సను అను వైద్యుడు లండనులో ప్రకటించెను. అప్పటికది ఊహయే. 1897 ఆగస్టు 20వ తేదీన మన సికిందరాబాదులో రొనాల్డు రాసు ఒక దోమను కోసి, దాని కడుపు గోడలో ఆ క్రిమిని సూక్ష్మదర్శినితో చూచెను. మరుసటి యేట కలకత్తాలో పక్షులపై పరీక్షలు చేసి, దోమకాటు వలన వాని మలేరియా వ్యాపించునని నిరూపించెను. క్రిముల వలన రోగములు కలుగునను సిద్ధాంతమునకు ఇట్టి సాక్ష్యములే బలము. “అది ఉత్త సిద్ధాంతమే” యని పెరటిలోని నిలువ నీటిని ఉపేక్షించు ఇంట జ్వరము పిల్లలను విడుచునా?

కావున ఇకమీదట ఎవరైనను ఆ మాట పలికినచో, దానికి గల సాక్ష్యమేమని అడుగుడు. ఊహకు ఇంకను పరీక్ష కావలెను. నియమము ప్రకృతిలోని క్రమమును తెలుపును. సిద్ధాంతము, పెక్కు పరీక్షలకు నిలిచి, ఆ క్రమమునకు కారణమును తెలుపును.