వరద ముప్పు – సగటు నిబంధన

విజయవాడ: 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన నుంచి కృష్ణా డెల్టా వర్తకులకు నీటి ముప్పు తెలిసినదే. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు మించి నీరు వదిలారు. అప్పటికే బుడమేరు పొంగి సింగ్ నగర్ ప్రాంతాన్ని ముంచెత్తింది.

ఇటువంటి వేళ సంస్థను నిలబెట్టేది బీమా. కాని ప్రీమియం కలిసివస్తుందని నిల్వల విలువ తగ్గించి చూపితే ‘సగటు నిబంధన’ దెబ్బ తీస్తుంది. గోడౌనులో 20 లక్షల రూపాయల బియ్యం, మినుములు ఉండగా 10 లక్షలకే పాలసీ తీసుకున్నారనుకుందాం. వరదలో 8 లక్షల సరుకు పాడైతే చేతికి వచ్చేది 4 లక్షలకు మించదు. తక్కిన 4 లక్షలు పెట్టుబడిలోంచి పోవలసిందే. బ్యాంకు బాకీ మాత్రం తగ్గదు.

కనుక నిల్వలు పెరిగే నెలల్లో పాలసీ మొత్తాన్ని పెంచుకోవాలి. ప్రతి గోడౌను చిరునామా అందులో ఉన్నదీ లేనిదీ, తుపాను, వరద నష్టం చేరినదీ లేనిదీ సరిచూసుకోవాలి. స్టాకు పుస్తకం నకలు వేరొకచోట భద్రపరచాలి.

నష్టం జరిగితే వెంటనే బీమా కంపెనీకి తెలియజేయాలి. సర్వేయరు చూసేవరకు తడిసిన సరుకును పారవేయరాదు. తడవని బస్తాలను మాత్రం వేరుచేసి మెరకకు చేర్చాలి. నష్టం పెరగకుండా చూడవలసిన బాధ్యత పాలసీదారునిదే.