ఉక్కపోతకు ఒళ్లు అలవాటు పడేదాకా

మహానగరం వదిలి సముద్రం ఒడ్డుకు కాపురం మార్చినవాళ్ల నుంచి ఈ వేసవిలో ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. అడిగే బాధలు వేరువేరుగా ఉన్నా, చాలావాటికి మూలం గాలిలోని తేమే. అందుకని ఈసారి ఆ ప్రశ్నలకే చోటిస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు ఆలస్యం కాకూడదు, క్లుప్తంగా చెప్పి వదిలేసేదీ కాదు.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 68 ఏళ్లు. ఉద్యోగమంతా హైదరాబాద్‌లోనే చేశారు, కూకట్‌పల్లిలో ఉండేవారు. నాకు విశాఖ బదిలీ కావడంతో అమ్మానాన్నల్ని కూడా ఏప్రిల్లో ఇక్కడికి తీసుకొచ్చాను. వచ్చిన వారం నుంచే నాన్నగారికి నీరసం. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయంటున్నారు. మొన్న బీచ్‌లో నడిచొచ్చి, కుర్చీలోంచి లేస్తూ తూలి పడబోయారు. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన బిళ్ల వేసుకుంటారు. ఉప్పు చాలా తగ్గించారు. నీళ్లు మాత్రం నేనే దగ్గరుండి బాగా తాగిస్తున్నాను. టీవీలో చూస్తే హైదరాబాద్‌లో 40 డిగ్రీలు, ఇక్కడ 34. ఎండ తక్కువున్న ఊరికి వచ్చాక ఇలా అవడమేమిటి?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు చేయాల్సిన పని చెప్తాను, కారణం తర్వాత. రేపే నాన్నగారికి సోడియం, పొటాషియం, క్రియాటినిన్ రక్తపరీక్షలు చేయించండి. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే కూర్చోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డ మూడు నిమిషాల లోపల ఇంకోసారి చూడండి. నిలబడగానే పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే ఆ తూలడానికి కారణం దొరికినట్టే. ఆ కాగితాలు పట్టుకుని దగ్గర్లోని ఫిజీషియన్‌ని కలవండి. బిళ్ల మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

ఇక కారణం. ఒళ్లు చల్లబడేది చెమట కారినందువల్ల కాదు, చెమట ఆరినందువల్ల. ఒక్కో గ్రాము చెమట ఆవిరైపోతూ ఒంట్లోంచి అర కిలోకాలరీకి పైగా వేడిని తీసుకెళ్తుంది. హైదరాబాద్ దక్కను పీఠభూమి మీద, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. అక్కడ వేసవి మధ్యాహ్నాల్లో తేమ 30 శాతానికి దిగువకు పడిపోవడం మామూలే. చెమట పట్టిన సంగతి తెలిసేలోపే ఆరిపోతుంది. విశాఖలో తేమ 70 శాతం దాటి ఉంటుంది. వానాకాలంలో దండెం మీద బట్టలు ఆరనట్టే ఇక్కడ ఒంటిమీద చెమట ఆరదు. 34 డిగ్రీల ఎండకు 70 శాతం తేమ తోడైతే, నీడలో కూర్చున్నా ఒంటికి తగిలే వేడి 45 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. టీవీలో చెప్పే అంకెలో ఇది కనబడదు.

చెమట ఆరకపోతే శరీరం ఇంకా చెమటలు పోయిస్తుంది, నీళ్లతోపాటు ఉప్పూ పోతుంది. వేడిని బయటికి పంపాలని చర్మంలోని రక్తనాళాలు వెడల్పవుతాయి, బీపీ కాస్త దిగుతుంది. పడుచువాళ్లు దీన్ని తట్టుకుంటారు. మీ నాన్నగారి బిళ్లలో హైడ్రోక్లోరోథయజైడ్ ఉంది. ఉప్పునీ నీళ్లనీ మూత్రంలో పంపించేయడమే దాని పని. చెమటలో పోయేది కొంత, మూత్రంలో పోయేది కొంత. తినేది చప్పిడి కూడు. పైన మీరు ప్రేమగా తాగిస్తున్న ఒట్టి నీళ్లు. వీటన్నిటితో రక్తంలో సోడియం పలచబడిపోయే ప్రమాదం ఉంది. అది 135 కంటే తగ్గిందంటే పట్టించుకోవాల్సిందే. నీరసంతో మొదలై వికారం, తలనొప్పి, తికమకగా మాట్లాడటం దాకా వెళ్తుంది. పెద్దవాళ్లు పరధ్యానంగా ఉంటే వయసు వల్లేలే అని మనం సర్దుకుపోతాం. దయచేసి అలా సర్దుకుపోకండి.

చాలామందికి ఈ రోజుల్లో డాక్టర్ ఆ మందు మోతాదు తగ్గిస్తారు, లేదా వేరేది ఇస్తారు. చలికాలంలో మళ్లీ చూసుకోవాలి. హైదరాబాద్ వాతావరణంలో సరిపోయిన మోతాదే ఇక్కడా సరిపోతుందని అనుకోవడానికి లేదు. ఊరు మారేటప్పుడు గ్యాసు కనెక్షన్, ఆధార్ చిరునామా గుర్తుపెట్టుకుని మార్చుకుంటాం. మందుల చీటీ కూడా ఒకసారి కొత్త డాక్టర్‌కి చూపించాలన్నది ఎవరికీ తోచదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

తాగడానికి ఒట్టి నీళ్లే కాకుండా, మీ డాక్టర్ సరేనంటే, చిటికెడు ఉప్పేసిన పలచని మజ్జిగ, గంజి ఇవ్వొచ్చు. కోస్తా ఇళ్లలో ఒకప్పుడు తరవాణి ఉండేది, అదీ మంచిదే. కొబ్బరి నీళ్లు ఎంతైనా తాగొచ్చనుకోవద్దు. వాటిలో సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ. టెల్మిసార్టాన్ కూడా పొటాషియాన్ని పెంచే రకమే. కిడ్నీ పనితీరు తగ్గి ఉంటే ఈ రెండూ కలవడం మంచిది కాదు. ఓఆర్ఎస్ రోజూ తాగే షర్బత్ కాదు, విరేచనాలో విపరీతమైన చెమటలో పట్టినప్పుడు వాడేది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టర్‌నే అడగాలి.

నడక మానాల్సిన పనిలేదు. కొత్త వాతావరణానికి శరీరం అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, పెద్ద వయసులో ఇంకొంచెం ఎక్కువ. ఆ లోపల రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, అందులో పోయే ఉప్పు తగ్గుతుంది. అందుకే మొదట పావుగంట నడిపించి మెల్లగా పెంచండి. తెల్లవారుజామున చల్లగా అనిపించినా గాలిలో తేమ శాతం ఎక్కువగా ఉండేది అప్పుడే, వేగంగా నడవనివ్వకండి. నడకకు ముందు, తర్వాత బరువు చూడండి. కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయిందని లెక్క. రోజంతా ఏసీలోనే ఉంచితే శరీరానికి ఆ అలవాటు పడదు. అలాగని ఉక్కలో కూర్చోబెట్టమనీ చెప్పను. రాత్రి నిద్రకు 26 డిగ్రీల మీద ఏసీ, పైన ఫ్యాను చాలు.

ఇంకొక్క హెచ్చరిక. వడదెబ్బ తగిలితే ఒళ్లు పొడిబారుతుందని అంతా అనుకుంటారు. తేమ ఊళ్లలో, ముఖ్యంగా ఒళ్లు అలిసేలా పని చేసినప్పుడు, ఒళ్లంతా చెమటతో తడిసి ఉండగానే వడదెబ్బ తగలొచ్చు. ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేలోపు ఒళ్లంతా నీళ్లతో తడిపి ఫ్యాను కింద పడుకోబెట్టండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు.

ప్రశ్న: బెంగళూరు నుంచి కాకినాడ వచ్చేశాం. మా బాబుకి ఎనిమిదేళ్లు, ఉబ్బసం ఉంది. సముద్రపు గాలికి తగ్గిపోతుందని బంధువులు చెబితే ఇన్‌హేలర్ ఆపేశాం. ఇప్పుడు తెల్లారేసరికి తుమ్ములు, పిల్లికూతలు. గాలి పడలేదా?
- ఒక తల్లి, కాకినాడ

జవాబు: ఇన్‌హేలర్ ఇవాళే మళ్లీ మొదలుపెట్టండి, స్పేసర్ పెట్టి, మీ పిల్లల డాక్టర్ రాసిన మోతాదులోనే. ఊపిరి తీసేటప్పుడు డొక్కలు ఎగరేస్తున్నా, ఆయాసంతో మాట పూర్తి చేయలేకపోతున్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

బాబుకి పడనిది సముద్రపు గాలి కాదు, ఎక్కువగా పరుపులో ఉన్నదే. కంటికి కనబడని ధూళి పురుగులు పరుపుల్లో, దిండ్లలో, మెత్తటి బొమ్మల్లో ఉంటాయి. అవి నీళ్లు తాగవు, గాలిలోని తేమనే పీల్చుకుని బతుకుతాయి. తేమ 50 శాతం కంటే బాగా తగ్గితే ఎండిపోతాయి. కోస్తాలో వాటికి ఆ ఇబ్బంది దాదాపు ఎప్పుడూ ఉండదు. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా వేడినీళ్లలో ఉతికి, ఎండలో కరకరలాడేలా ఆరనివ్వండి. పాత దూది పరుపైతే ధూళి పురుగులు చొరబడని తొడుగు వేయండి. గోడ మీద నల్లటి బూజు మచ్చలుంటే రంగు వేసి కప్పేయకండి, నీరు ఎక్కడి నుంచి దిగుతోందో ఇంటి యజమానికి చూపించి బాగు చేయించండి. అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు బీరువా వెనక గోడ చూడమని నా దగ్గరికొచ్చే తల్లిదండ్రులకు చెప్తుంటాను. దోమల కోసం కాయిల్ వెలిగించకండి, ఆ పొగ ఈ పిల్లలకు పడదు. సాంబ్రాణి పొగ కూడా అంతే. దోమతెర కట్టండి.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, వయసు 27. విశాఖ వచ్చిన నెలకే గజ్జల్లో, నడుం చుట్టూ దురద, ఎర్రటి చక్రాలు. మందుల షాపులో ఇచ్చిన క్రీము రాస్తే రెండ్రోజుల్లో తగ్గుతుంది, ఆపగానే రెట్టింపవుతుంది.
- ఒక పాఠకుడు

జవాబు: మీరు చెప్పిన తీరు చూస్తే ఇది తామర, ఆ క్రీములో స్టెరాయిడ్ ఉండి ఉంటుంది. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి పేర్లున్నాయేమో చూడండి. స్టెరాయిడ్ దురదను అణుస్తుంది, శిలీంధ్రాన్ని మాత్రం హాయిగా పెరగనిస్తుంది. ఇలాంటి పూతమందుల్ని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అయినా అడిగితే ఇచ్చేస్తూనే ఉన్నారు. చర్మవైద్యుణ్ని కలవండి. మందు కొన్ని వారాలు వాడాల్సి వస్తుంది, మచ్చ మాయమైందని ఆపకూడదు. బిగుతు జీన్సు, తడి లోదుస్తులు మానేయండి. తువ్వాలు ఎవరితోనూ పంచుకోవద్దు. గదిలో ఉంటున్న మిగతావాళ్లకీ దురద ఉంటే అందరూ ఒకేసారి వైద్యం చేయించుకోవాలి.

ప్రశ్న: నాకు ఇన్సులిన్ వాడకం ఉంది. త్వరలో విశాఖకు మారుతున్నాం. తుపానుకి కరెంటు పోతే ఇన్సులిన్ సంగతేమిటి?
- ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: ముందుగా ఆలోచించినందుకు సంతోషం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు చాలా ఇళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. వాడకంలో ఉన్న ఇన్సులిన్‌లో చాలా రకాలు 30 డిగ్రీలు మించకుండా ఉంటే దాదాపు నాలుగు వారాలు పనిచేస్తాయి, మీ డబ్బా మీద రాసిన గడువే ప్రమాణం. తుపాను రోజుల్లో వాన వల్ల చల్లగానే ఉంటుంది కాబట్టి కంగారు పడక్కర్లేదు. మే నెల కరెంటు కోతే అసలు సమస్య. ఇన్సులిన్‌ని తడి చొరని డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను నీళ్లున్న మట్టికుండలో ఉంచే పద్ధతి మంచిదే గానీ, చెమట ఆరని గాలిలో కుండ కూడా హైదరాబాద్‌లో చల్లబడినంతగా చల్లబడదు. థర్మాస్ ఫ్లాస్కు, ఐసు ప్యాకులు దగ్గర పెట్టుకోండి. ఐసుకి ఇన్సులిన్ నేరుగా తగలకుండా గుడ్డ చుట్టండి, గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనికిరాదు. అక్టోబరు, నవంబరు నెలల్లో అన్ని మందులూ నెలకు సరిపడా నిల్వ ఉంచుకోండి. షుగర్ చూసుకునే స్ట్రిప్పులు తేమకు పాడవుతాయి, వాటి డబ్బా మూత తీసిన వెంటనే బిగించండి.