కణాల కంటే ముందు డిస్కును చూడు

చి. లహరికి,



టైటానియం డిస్కుల మీద ఎముక కణాలు పెంచే పని నీకిచ్చారని అన్నయ్య చెప్పాడు. చాలా సంతోషం తల్లీ. ఎన్నో ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నదాన్ని కాబట్టి, నువ్వు మొదలుపెట్టకముందే ఒక్క మాట చెప్పాలనిపించింది. కణాలు ఏం చేశాయో చూసే ముందు, అవి దేని మీద వాలాయో తెలుసుకో.

1950ల్లో స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ కుందేలు ఎముకలో రక్తప్రసరణ చూడటానికి టైటానియం పరికరం బిగించాడు. పనయ్యాక తీయబోతే రాలేదు. ఎముక దాన్ని పట్టేసుకుంది. 1965లో తొలి రోగికి పంటి ఇంప్లాంట్లు అమర్చడానికి దారి చూపింది ఆ పట్టే. అయితే అక్కడ ఎముకకు ఎదురైంది వట్టి లోహం కాదు, గాలి తగలగానే టైటానియం మీద ఏర్పడే కొద్ది నానోమీటర్ల ఆక్సైడ్ పొర.

నీ ప్లేటులో కణం ఆ పొరనైనా నేరుగా తాకదు. మీడియం పోసిన క్షణాల్లోనే సీరంలోని ప్రోటీన్లు డిస్కు మీద పరుచుకుంటాయి. కణం ఆ తర్వాత దిగి, తన పొర మీది ఇంటెగ్రిన్లనే గ్రాహకాలతో ఫైబ్రోనెక్టిన్, విట్రోనెక్టిన్ లాంటి ప్రోటీన్లను పట్టుకుంటుంది. ఫైబ్రోనెక్టిన్‌ను కణం పట్టుకోవడానికి అందులోని ఓ చిన్న అమైనో ఆమ్లాల వరుస చాలని 1984లో పియర్ష్‌బాకర్, రుయోస్లాటి చూపించారు. ప్రోటీన్ అతుక్కున్న తీరును బట్టి ఆ చోటు పైకి తేలవచ్చు, మరుగున పడవచ్చు. ఆ తీరును చాలావరకు నిర్ణయించేది ఉపరితల రసాయనమే.

ఇక గరుకుదనం సంగతి. గరుకు టైటానియం మీద నీకు కణాలు తక్కువ కనిపిస్తాయి. కంగారు పడకు. బార్బరా బోయన్, జ్వి ష్వార్ట్జ్ బృందం ఏళ్ల తరబడి చూపించింది ఇదే: గరుకు మీద కణాల సంఖ్య తగ్గుతుంది, ఎముక కణాలు తయారుచేసే ఆస్టియోకాల్సిన్ ప్రోటీన్ పెరుగుతుంది. అంటే కణాలు విభజన తగ్గించి ఎముక కట్టే పనిలోకి దిగాయన్నమాట. మూడో రోజు లెక్క ఒక్కటే చూసి ఏ ఉపరితలాన్నీ తీసిపారేయకు. నానోమీటర్ల స్థాయిలో అమరిక కూడా కణానికి తెలుస్తుంది. 2007లో గ్లాస్గోలో డాల్బీ బృందం 120 నానోమీటర్ల గుంటలను కాస్త క్రమం తప్పించి పేర్చితే, ఎముక వైపు నడిపే మందులేవీ కలపకుండానే మూలకణాలు ఖనిజాన్ని తయారుచేశాయి.

అలాగని ఆకారమే అంతా అనుకోకు. అదే 2007లో జర్మనీలోని ఎర్లాంగెన్ బృందం టైటానియం ఆక్సైడ్ నానోగొట్టాల్లో 15 నానోమీటర్లవి కణాలకు మేలనీ, 100 నానోమీటర్లవి చంపుతాయనీ చెప్పింది. 2009లో శాన్ డియేగో బృందం 70 నుంచి 100 నానోమీటర్ల గొట్టాల మీదే మూలకణాలు ఎముక కణాలుగా మారాయంది. ఎవరిది తప్పని వాదించే ముందు గొట్టాలను ఎలా తయారుచేశారో, ఎంత వేడి చేశారో, ఎలా స్టెరిలైజ్ చేశారో చదువు. అవి మారితే, గొట్టం వ్యాసం ఒకటే అయినా ఉపరితలం వేరే.

నాకు అన్నిటికన్నా గట్టి పాఠం 2004లో బుసర్ బృందం చిన్నజాతి పందుల్లో చేసిన పని. రెండు రకాల ఇంప్లాంట్లకూ శాండ్‌బ్లాస్ట్ చేసి, యాసిడ్ పెట్టిన ఒకే గరుకుదనం. ఒకదాన్ని మామూలుగా గాలిలో ఆరబెట్టారు. రెండోదాన్ని గాలి తగలకుండా నైట్రోజన్ వాయువు రక్షణలో కడిగి, సెలైన్‌లో ఉంచారు. గాలి తగిలినదాని మీద హైడ్రోకార్బన్లు చేరి, నీళ్లు తామరాకు మీద బొట్టులా నిలుస్తాయి. రెండోదాని మీద పూర్తిగా పరుచుకుంటాయి. రెండు వారాలకు ఎముక అంటిన భాగం మొదటిదానికి 29.4 శాతం, రెండోదానికి 49.3 శాతం. ఎనిమిది వారాలకు రెండూ దాదాపు సమానమే. కానీ ఆ తొలి వారాల్లోనే ఇంప్లాంట్ కదిలిపోయే ప్రమాదం ఉంటుంది. ఎముక నెమ్మదిగా మానే రోగికి ఆ వారాలే ప్రాణం.

అందుకే, కణాలు వేసే రోజునే డిస్కు మీద నీటి బొట్టు కాంటాక్ట్ యాంగిల్ కొలువు. ప్యాకెట్ ఎప్పుడు విప్పావో, ఆటోక్లేవ్ చేశావో రేడియేషన్ వాడావో నోట్‌బుక్‌లో రాయి. యాసిడ్ గరుకుదనంతో పాటు రసాయనాన్నీ మారుస్తుంది. రెంటినీ విడదీయాలంటే గరుకు, నునుపు డిస్కులు రెంటి మీదా ఒకే పలుచని టైటానియం పూత వేయించి పోల్చు. ప్లాస్టిక్ ప్లేటును నునుపు టైటానియంకు బదులుగా లెక్కలోకి తీసుకోకు.

ఈ కొలతలకు అదనంగా రోజులు పడతాయి. మీ గైడ్ తొందరపెడితే, నువ్వు ఏ ఉపరితలాన్ని పరీక్షిస్తున్నావో ముందు నీకే తెలియాలని మర్యాదగానే గట్టిగా చెప్పు. తొలి ఫలితాలు నాకు పంపేటప్పుడు డిస్కుల కొలతలు కూడా జతచెయ్యి. రెండూ పక్కపక్కన పెట్టుకుని మాట్లాడుకుందాం.

ప్రేమతో,
అత్త