ఒకే వర్చువల్ మెషీన్‌ను వేర్వేరు కంప్యూటర్లలో రన్ చేయడం ఎలా?

బీటెక్ ఫైనల్ ఇయర్‌లో ప్రాజెక్ట్ రివ్యూకి ముందు రోజు రాత్రి జరిగింది ఇది. కంచరపాలెంలో మా ఇంట్లో ఉన్నది ఇంటెల్ డెస్క్‌టాప్. దాంట్లో ఉబుంటు వర్చువల్ మెషీన్ మీద పని చేస్తున్నా. లేటవుతోందని విండో క్లోజ్ చేసి, "సేవ్ ది మెషీన్ స్టేట్" నొక్కేసి, ఎస్‌ఎస్‌డీ బ్యాగులో వేసుకుని గాజువాకలో ఫ్రెండ్ ఇంటికి వెళ్లాను. వాడిది ఏఎండీ రైజెన్ లాప్‌టాప్. అక్కడ స్టార్ట్ నొక్కితే ఎర్రర్! చివరికి ఆ సేవ్‌డ్ స్టేట్‌ని డిస్కార్డ్ చేస్తే గానీ మెషీన్ బూట్ కాలేదు. ఎడిటర్‌లో సేవ్ చేయని రెండు గంటల కోడ్ మాత్రం పోయింది.

ఆ రాత్రి తెలిసింది ఒక్కటే: మోసుకెళ్లగలిగేది డిస్క్‌ని, ఆగిపోయిన క్షణాన్ని కాదు.

ఎందుకలా జరిగింది?

వర్చువల్ మెషీన్ అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్. దాని హార్డ్ డిస్క్ మనకి ఒక ఫైల్‌లా కనిపిస్తుంది. వర్చువల్‌బాక్స్‌లో అయితే అది వీడీఐ ఫైల్. కానీ ప్రాసెసర్ మాత్రం నకిలీది కాదు. లోపలి ఓఎస్ ఇచ్చే పనిలో ఎక్కువ భాగం నేరుగా మీ అసలు ప్రాసెసర్ మీదే నడుస్తుంది. అందుకే స్పీడ్ బాగుంటుంది.

ఉబుంటు బూట్ అయ్యేటప్పుడే కింద ఉన్న ప్రాసెసర్‌లో ఏయే ఫీచర్లున్నాయో చూసుకుంటుంది. స్టేట్ సేవ్ చేస్తే ర్యామ్‌తో పాటు ఆ లెక్క కూడా అలాగే గడ్డకట్టిపోతుంది. వేరే ప్రాసెసర్ మీద లేపితే ఆ లెక్క కుదరదు. పూర్తిగా షట్‌డౌన్ చేసి తీసుకెళ్తే, కొత్త చోట మళ్లీ మొదటి నుంచి చూసుకుంటుంది. గొడవ ఉండదు.

సెటప్ ఇలా చేసుకోండి

1. పెన్ డ్రైవ్ వద్దు, యూఎస్‌బీ 3 ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ వాడండి. ఓఎస్ ఎప్పుడూ చిన్న చిన్న ఫైళ్లు రాస్తూనే ఉంటుంది, మామూలు పెన్ డ్రైవ్ ఆ పనిలో బాగా స్లో.

2. డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌ని విండోస్, మ్యాక్, కొత్త లినక్స్ మూడూ చదువుతాయి.

3. రెండు కంప్యూటర్లలోనూ ఒకే వెర్షన్ వర్చువల్‌బాక్స్ వేయండి. కొత్త వెర్షన్‌లో తెరిచిన సెట్టింగ్స్ ఫైల్‌ని పాత వెర్షన్ ఒక్కోసారి ఒప్పుకోదు.

4. మెషీన్ క్రియేట్ చేసేటప్పుడే ఫోల్డర్ దగ్గర ఎస్‌ఎస్‌డీని ఎంచుకోండి. అప్పుడు డిస్క్, సెట్టింగ్స్, స్నాప్‌షాట్లు అన్నీ ఒకే చోట ఉంటాయి. రెండో కంప్యూటర్‌లో "యాడ్" నొక్కి, ఆ ఫోల్డర్‌లోని డాట్ వీబాక్స్ ఫైల్ చూపిస్తే చాలు.

5. ర్యామ్, కోర్లు మీ దగ్గరున్న వీక్ కంప్యూటర్‌ని బట్టి ఇవ్వండి. అందులో 8 జీబీ ఉంటే మెషీన్‌కి 4 జీబీ, 2 కోర్లు సరిపోతాయి.

6. నెట్‌వర్క్ "న్యాట్"లో ఉంచండి. బ్రిడ్జ్‌డ్ పెడితే ఒక కంప్యూటర్ వైఫై కార్డు పేరు ఇంకో దాంట్లో దొరకదు.

ఇంకో కంప్యూటర్‌లో రాకపోతే?

"ఇన్‌యాక్సెసబుల్" అని కనిపిస్తే ముందు డ్రైవ్ లెటర్ చూడండి. నిన్న ఈ, ఇవాళ ఎఫ్ అయి ఉండొచ్చు. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అన్ని చోట్లా వీ లాంటి ఒకే అక్షరం ఇవ్వండి.

అసలు స్టార్టే కాకపోతే బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఇంటెల్‌లో వీటీ-ఎక్స్, ఏఎండీలో ఎస్‌వీఎం అనే పేర్లతో ఉంటుంది.

రన్ అవుతోంది గానీ నత్తనడకా? కింద స్టేటస్ బార్‌లో ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఉందేమో గమనించండి. విండోస్ సొంత హైపర్‌వైజర్ ఆన్‌లో ఉందని దాని అర్థం.

ఎం సిరీస్ మ్యాక్‌బుక్‌లో మాత్రం ఈ మెషీన్ మీద ఆశ పెట్టుకోకండి. 2024లో వచ్చిన వర్చువల్‌బాక్స్ 7.1 ఆ మ్యాక్‌లలో నడుస్తుంది కానీ, ఆర్మ్ ఓఎస్‌లని మాత్రమే నడుపుతుంది. ఇంటెల్, ఏఎండీ కోసం చేసుకున్న మెషీన్ అక్కడ బూట్ కాదు.

కేబుల్ పీకే ముందు

లోపలి ఓఎస్‌ని షట్‌డౌన్ చేయండి. వర్చువల్‌బాక్స్ క్లోజ్ చేయండి. డ్రైవ్‌ని సేఫ్‌గా ఎజెక్ట్ చేయండి. ఈ మూడూ అయ్యాకే కేబుల్ తీయాలి. ఎక్స్‌ఫ్యాట్‌లో జర్నలింగ్ లేదు, కాబట్టి రాస్తుండగా పీకేస్తే మొత్తం వీడీఐ ఫైలే పాడైపోవచ్చు.

ఇంత జాగ్రత్తపడ్డా ఎస్‌ఎస్‌డీ ఎక్కడో పడిపోవచ్చు, చెడిపోవచ్చు. కోడ్‌ని రోజూ గిట్‌లో పుష్ చేయండి. నెలకోసారి మెషీన్‌ని ఓవీఏగా ఎక్స్‌పోర్ట్ చేసి ఇంట్లో దాచండి. ఆఫీస్ లాప్‌టాప్‌లో వాడాలనుకుంటే ముందు ఐటీ వాళ్లని అడగండి.

ఆ రివ్యూ ఎలాగో గట్టెక్కింది, తెల్లారే దాకా కూర్చుని పోయిన కోడ్ మళ్లీ రాశాను. అప్పటి నుంచి "సేవ్ స్టేట్" జోలికి వెళ్లలేదు. షట్‌డౌన్‌కి పట్టేది అర నిమిషం, అంతే.