గొర్రెకు క్షయ ఎక్కడి నుంచి వస్తుంది?

ఈసారి గోడపత్రికలో సైన్సు పాఠం నా వంతు. మనలో చాలామంది ఇళ్లల్లో గేదెలు, గొర్రెలు, మేకలు ఉన్నాయి గనక వాటికి వచ్చే క్షయ గురించి రాస్తున్నాను.

క్షయ అంటే ఏమిటి?

క్షయనే టి.బి. అంటాం. ఇది శాపం వల్లో, చేతబడి వల్లో రాదు. కంటికి కనపడని బాక్టీరియా వల్ల వస్తుంది. రాబర్ట్ కాక్ అనే జర్మనీ డాక్టరు 1882 మార్చి 24న ఈ సంగతి ప్రకటించాడు. అందుకే ఆ రోజును ప్రపంచ క్షయ దినంగా జరుపుతారు. ఈ బాక్టీరియాలో అన్నదమ్ముల్లాంటి రకాలున్నాయి. మనుషులకు ఎక్కువగా వచ్చేది మైకోబాక్టీరియం ట్యుబర్‌క్యులోసిస్. ఆవులకు, గేదెలకు వచ్చేది మైకోబాక్టీరియం బోవిస్. మన దేశంలో పశువుల్లో ఒరిజిస్ అనే ఇంకో రకం కూడా ఉంది.

గొర్రెకు ఎలా అంటుకుంటుంది?

గొర్రెకు క్షయ రాదని పూర్వం అనుకునేవారు. తక్కువగా వస్తుంది గానీ రాకుండా ఉండదు. స్పెయిన్, బ్రిటన్, న్యూజిలాండ్ దేశాల్లో జబ్బు పశువులతో కలిసి ఉన్న గొర్రెలకు వచ్చింది. మేకకు గొర్రె కంటే తొందరగా అంటుకుంటుంది.

మన కృష్ణా డెల్టాలో వరి కోతలయ్యాక మెట్ట ఊళ్ల నుంచి మందలు దిగుతాయి. రాత్రిపూట పొలంలోనే మంద కడతారు. పెంటికలు భూమికి ఎరువు. అక్కడ గాలి, ఎండ ఉంటాయి. ఎండకు ఈ బాక్టీరియా చస్తుంది.

మాది మైలవరం వైపు తండా. మాకు పెద్ద మంద లేదు, పది గొర్రెలే. వానాకాలం వాటిని గేదెల కొట్టంలోకే తోలుతాం. ఒకే గాలి, ఒకే నీళ్ల తొట్టి. గేదెకు జబ్బుంటే దాని దగ్గు తుంపరలు గొర్రెలు పీల్చుతాయి. తడి చోట, నీడలో, పేడలో బాక్టీరియా చాలా రోజులు బతికే ఉంటుంది.

ఎలా తెలుస్తుంది?

బతికున్న గొర్రెలో గుర్తుపట్టడం కష్టం. మేత తింటున్నా చిక్కిపోతుంది, కొన్ని దగ్గుతాయి. కోసినప్పుడు ఊపిరితిత్తుల్లో గట్టి గడ్డలు, లోపల జున్ను ముక్కలాంటి పదార్థం కనిపిస్తుంది. కానీ గొర్రెల్లో ఇలాంటి గడ్డలు వేరే బాక్టీరియా వల్ల కూడా వస్తాయి. ల్యాబులో చూడకుండా క్షయ అనకూడదు. ఆవు, గేదెలకైతే చర్మంలోకి ట్యుబర్‌క్యులిన్ సూదిమందు ఇచ్చి, 72 గంటల తర్వాత వాపు కొలుస్తారు. విజయవాడ దగ్గర గన్నవరంలో పశువైద్య కళాశాలే ఉంది. అక్కడ చదివేవాళ్లు ఇవన్నీ నేర్చుకుంటారు. మనలో ఎవరైనా అక్కడికి వెళ్లాలని నా కోరిక.

మన చేతి మీద మచ్చ

ఒక వింత చెబుతాను. మన ఎడమ చేతి మీద బి.సి.జి. టీకా మచ్చ ఉంది కదా! ఆ టీకా పశువుల బాక్టీరియా నుంచి పుట్టిందే. ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ అనేవాళ్లు 1908 నుంచి 1921 దాకా దాన్ని 230 సార్లు మార్చి మార్చి పెంచి, బలం తగ్గించి టీకా చేశారు. మన దేశంలో 1948లో మదనపల్లెలో ఆ టీకా మొదలుపెట్టారు.

ఇది మనకెందుకు?

మా పెదనాన్నకు టి.బి. వచ్చింది. ఎవరి నుంచి వచ్చిందో తెలీదు. మనుషులకు ఎక్కువగా మనుషుల నుంచే వస్తుంది. ఆరు నెలలు మందులు మింగి బాగయ్యాడు. కానీ ఆ ఆరు నెలలు గొర్రెలు కాసేవాళ్లు లేక మా అక్క బడి మానేసింది. మళ్లీ చేరలేదు. నా ట్రంకుపెట్టె, దుప్పటి పొట్టేలును అమ్మి కొన్నవే. గొర్రెకు జబ్బు చేసినా, మనిషికి జబ్బు చేసినా ముందు ఆగేది ఆడపిల్ల చదువే.

జాగ్రత్తలు

1. పాలు పొంగేదాకా కాచి తాగాలి. పొదుగు దగ్గర నురగపాలు పిల్లలకు పట్టరాదు.
2. గొర్రెలకు గాలి వచ్చే వేరే దొడ్డి, వేరే తొట్టి ఉండాలి. మధ్యలో తడిక కడితే చాలదు.
3. సంతలో కొన్న గొడ్డును డాక్టరు చూశాకే మిగతావాటితో కలపాలి.
4. పశువు దగ్గుతూ చిక్కిపోతుంటే 1962కు ఫోన్ చేయాలి. జబ్బుదాన్ని ఇంకొకరికి అమ్మితే జబ్బును అమ్మినట్టే.
5. మనిషికి రెండు వారాలు మించి దగ్గుంటే ప్రభుత్వ ఆస్పత్రిలో గళ్ల పరీక్ష చేయించాలి. మందులు ఉచితం. తిండి కోసం నెలకు 1000 రూపాయలు కూడా ఇస్తారు. మనిషి నుంచి పశువుకు కూడా అంటవచ్చు.
6. ఇంట్లో పశువులున్నాయని, పచ్చిపాలు తాగామని డాక్టరుకు చెప్పాలి. ఎందుకంటే టి.బి.కి ఇచ్చే పైరజినమైడ్ మాత్ర బోవిస్ మీద పనిచేయదు.

దీన్ని చదివి గొడ్లను చూసి భయపడొద్దు, దగ్గేవాళ్లను వెలివేయొద్దు. మా యాడి, అంటే అమ్మ, చదువుకోలేదు. మీ ఇళ్లల్లో కూడా చాలామంది అంతే. సంక్రాంతి సెలవులకు వెళ్లినప్పుడు ఈ ఆరూ మన నోటితోనే చెప్పాలి. కావలసినవాళ్లు నోటుబుక్కులో రాసుకోండి.

— 9వ తరగతి విద్యార్థిని